కమిషనరు గది నుంచి థియేటర్ సిస్టర్ దాకా

ప్రత్యేక సంచిక అంటే ముందు పేజీలన్నీ ఫొటోలవే. మంత్రిగారు, కార్యదర్శిగారు, కమిషనరుగారు, ఆ వెనక శాలువాలు, జ్యోతి ప్రజ్వలన. వైద్య విధాన పరిషత్తు నలభై ఏళ్ల సంచికలోనూ ఆ పేజీలు ఎలాగూ ఉంటాయి. అందుకే నేను మలక్‌పేట ఏరియా దవాఖాన వైపు నుంచి రాస్తున్నాను. ఈ సంస్థను నడిపేది ఎవరని అక్కడ నిలబడి అడిగితే, ఫొటోల వరుసలో లేని పేర్లే ఎక్కువ తగుల్తాయి.

ముందు పుట్టుక సంగతి. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రులకు వైద్య కళాశాలల అండ ఉండేది. పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు టీకాలు, కుటుంబ నియంత్రణ లాంటి జాతీయ కార్యక్రమాల డబ్బు ఏదో ఒక రూపంలో చేరేది. ఈ రెంటికీ నడుమ ఉన్న తాలూకా, ఏరియా, జిల్లా ఆసుపత్రులే ఎవరికీ పట్టని నడిపి బిడ్డలు. కాన్పు కష్టమైనా, అపెండిక్స్ పగిలినా, కాలు విరిగినా జనం ముందు పరుగెత్తేది అక్కడికే. ఎక్స్‌రే ఫిల్ము అయిపోతే తెప్పించుకోవాలన్నా పై ఆఫీసుకి కాగితం పోయి తిరిగి రావాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఈ మధ్య అంచె ఆసుపత్రుల కోసమే ప్రత్యేక చట్టం చేసి, ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తును పెట్టింది. మరుసటి ఏడాది నుంచి అది పనిలోకి దిగింది. విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చిందీ 1986లోనే. తాలూకాలు పోయి మండలాలు రావడం అప్పటికింకా తాజా ముచ్చట. పాత చట్రాలను విరగ్గొట్టి కొత్తవి బిగించడం ఆ రోజుల్లో ప్రభుత్వానికి ఒక ఉత్సాహం. అన్నీ నిలబడలేదు, ఇది నిలబడింది.

ఆలోచన సూటిగానే ఉంది. సచివాలయం నుంచి కొంత అధికారాన్ని విడదీసి, పాలక మండలి ఉన్న ఒక స్వతంత్ర సంస్థకు ఇవ్వడం. పైన కమిషనరు. ఆ కుర్చీలో ఒకప్పుడు ఐఏఎస్ అధికారి, ఒకప్పుడు వైద్యుడు. జిల్లాకొక ఆసుపత్రుల సమన్వయాధికారి, అంటే అందరి నోటా నానే డీసీహెచ్ఎస్. ఆసుపత్రిలో సూపరింటెండెంట్, ఆర్ఎంఓ, నర్సింగ్ సూపరింటెండెంట్, కాగితాలన్నీ చేతిలో ఉండే లే సెక్రటరీ. ఎవరు ఎవరికి జవాబుదారో గోడ మీద గీసి చూపించవచ్చు.

గోడ మీది పటంలో కనిపించనిది సూపరింటెండెంట్ రోజు. ఆయన గానీ ఆవిడ గానీ ముందు స్పెషలిస్టు, తర్వాతే అధికారి. సీనియారిటీ మీద ప్రమోషన్ వచ్చి కుర్చీలో కూర్చుంటారు. లెక్కలు, టెండర్లు, మనుషుల పంచాయితీలు ఏ వైద్య కళాశాలా నేర్పదు. పొద్దున ఓపీ, ఆ తర్వాత థియేటర్. చేతి తొడుగులు తీసేసరికి బల్ల మీద శానిటేషన్ కాంట్రాక్టు బిల్లు, మందుల ఇండెంట్, అనుకున్న రోజుకు రాని అనస్తీషియా డాక్టరు సెలవు చీటీ. మధ్యలో కార్పొరేటర్ ఫోన్. దవాఖానలో ఏది చెడినా మొదట అడిగేది ఆ మనిషినే. కానీ ఖాళీ పోస్టు నింపే అధికారం ఆ మనిషికి లేదు, మందులు వచ్చేది వైద్య సేవల కార్పొరేషన్ నుంచి, బదిలీలు జరిగేది పైనుంచి. పరిషత్తు పుట్టిందే నిర్ణయాన్ని ఆసుపత్రికి దగ్గర చేయడానికి. నలభై ఏళ్లలో ఆ నిర్ణయం మెల్లమెల్లగా మళ్లీ పైకే పాకింది. నా దృష్టిలో ఈ సంస్థ చరిత్రంతా ఆ లాగుడుపీకుడే.

దీన్ని జీతం రూపంలో అనుభవించింది ఉద్యోగులు. మిగతా ప్రభుత్వోద్యోగులకు ట్రెజరీలో 010 పద్దు కింద ఒకటో తారీఖున జీతం పడుతుంది. పరిషత్తు వాళ్లు స్వతంత్ర సంస్థ మనుషులు గదా, వాళ్లకు గ్రాంటు విడుదలైతేనే పడేది. స్వయంప్రతిపత్తి అన్న గొప్ప మాట నర్సమ్మ ఇంట్లో ఆలస్యమైన ఈఎంఐగా తేలింది. యూనియన్లు ఏళ్ల తరబడి ‘010’ అని అరిచింది ఇందుకే. రాష్ట్రం విడిపోయాక, 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్కడి పరిషత్తు ఉద్యోగుల్ని ప్రభుత్వోద్యోగులుగానే తీసుకోవాలని నిర్ణయించింది. స్వతంత్రం వద్దు, జీతం కావాలి అని మనుషులు కోరుకునే స్థితి వచ్చిందంటే, ఆ స్వతంత్రం వాళ్ల దాకా ఎన్నడూ రాలేదన్నమాట.

మంచి రోజులు లేవని కాదు. 1994లో ప్రపంచ బ్యాంకు 13 కోట్ల డాలర్లకు పైగా అప్పు మంజూరు చేసింది. ఫస్ట్ రిఫరల్ ప్రాజెక్టు పేరుతో వార్డులు, థియేటర్లు, పరికరాలు, అంబులెన్సులు వచ్చాయి. అంతకన్నా విలువైంది లెక్క చూసుకునే అలవాటు. ఐఏఎస్ అధికారి ప్రశాంత మహాపాత్ర, హార్వర్డ్‌కు చెందిన పీటర్ బెర్మన్ కలిసి 1994లోనే ఈ రాష్ట్రపు ఆసుపత్రుల పనితీరును పడకలు ఎంతమేర నిండుతున్నాయి, ఒక్కో పడక మీద ఎందరు రోగులు మారుతున్నారు, సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు అన్న కొలతలతో పరిశీలించి అంతర్జాతీయ పత్రికలో అచ్చువేశారు. పడకలు నిండుగా ఉంటే చాలదు. ఒకే రోగి నెలంతా పడుకున్నా నిండుగానే కనిపిస్తుంది. ఈ చిన్న తేడా తెలిసిన సూపరింటెండెంట్, తెలియని సూపరింటెండెంట్ ఒకే నివేదికను రెండు రకాలుగా చదువుతారు.

మలక్‌పేటలో ఆ పడకల మీద ఎక్కువగా పడుకునేది కాన్పు మనుషులు. సైదాబాద్, చంచల్‌గూడ, అజంపురా, మూసారాంబాగ్, మలక్‌పేట గంజ్‌లో బస్తాలు మోసేవాళ్ల ఇళ్లు, దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో అద్దెకుండే నల్లగొండ కుటుంబాలు. ఓపీ చీటీ దగ్గర ఉర్దూ, తెలుగు ఒకే వాక్యంలో కలిసిపోతాయి. యాక్సిడెంట్లు, గుండెపోట్లు ఇక్కడ నిలవవు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు గాయపడ్డవాళ్లను ఎక్కువగా తరలించింది ఉస్మానియాకి, ఇదే దారిలోని యశోద, ఓమ్ని, కామినేని ఆసుపత్రులకి. పెద్ద ప్రైవేటు బోర్డుల నడుమ ఏరియా దవాఖాన పని ఏమిటో ఆ రాత్రే తేటపడింది. ప్రాణం పోయేదాన్ని ఆపడం కన్నా ప్రాణం పుట్టేదాన్ని కాయడం దాని వంతు.

ఆ వంతు 2017 తర్వాత బరువెక్కింది. కేసీఆర్ కిట్ పథకంతో సర్కారు దవాఖానలో కాన్పైతే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ఇస్తామన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో తెలంగాణ లెక్క చూడండి. 2015-16లో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పులు 30.5 శాతం, 2019-21కి 49.7 శాతం. జనం వచ్చారు. వాళ్లతో పాటు డాక్టర్లు, నర్సులు, లేబర్ రూమ్ బల్లలు ఆ నిష్పత్తిలో రాలేదు. అదే సర్వేలో రాష్ట్రంలో ప్రతి నూరు కాన్పుల్లో అరవైకి పైగా సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలో 44.5. సర్కారు తక్కువే గదా అని గర్వపడాల్సిన అంకె కాదది. ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి 2017లో మొదలెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ, నర్సులకే మామూలు కాన్పు బాధ్యత అప్పజెప్పే ప్రయత్నం, ఈ కాలంలో పైనుంచి వచ్చిన నిర్ణయాల్లో తెలివైనదని నా అభిప్రాయం.

ఉత్సవ సంచికలో రాయకూడదని కొందరనుకునే మాట ఒకటుంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు మహిళలు చనిపోయారు. 2023 జనవరిలో, సంక్రాంతి ముందు రోజుల్లో, మలక్‌పేటలోనే సిజేరియన్ అయిన ఇద్దరు బాలింతలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరికొందరిని నిమ్స్‌కు తరలించారు. కమిటీలు కూర్చున్నాయి. ఇబ్రహీంపట్నంలో అధికారుల మీద చర్యలూ పడ్డాయి.

చర్యల సంగతి అలా ఉంచి, ఇన్ఫెక్షన్‌ను ఆపాల్సిన చోటికి, థియేటర్‌లోకి వెళ్దాం. పరికరాలను, గుడ్డలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో పెట్టే ప్రతి డ్రమ్ముకీ ఒక టేపు అంటిస్తారు. తగినంత వేడి తగిలితే టేపు మీది గీతలు నల్లబడతాయి. ఆ నలుపు చూసి, తేదీ రాసి, సంతకం పెట్టేది థియేటర్ సిస్టర్. గీత నల్లబడిందంటే పైన వేడి తగిలిందనే అర్థం. డ్రమ్ములో గుడ్డలు కిక్కిరిసి ఉంటే నడిమధ్యకు ఆవిరి చేరిందో లేదో అది చెప్పదు. లోపల ఇంకో సూచిక పెట్టాలి, అప్పుడప్పుడూ ల్యాబు పరీక్ష చేయించాలి. థియేటర్లో నాలుగు కేసులు వరుసగా ఉన్నప్పుడు, మూడో కేసుకి డ్రమ్ము సరిపోదని తెలిసినప్పుడు, “ఆగండి సార్, ఇంకో సైకిల్ వేయాలి” అనగల ధైర్యం ఆ సిస్టర్‌కి ఉందా, ఆ మాట విని సర్జన్ ఆగుతాడా, ఆగినందుకు సూపరింటెండెంట్ ఆ సర్జన్ వెనక నిలబడతాడా, ఆ రోజు టార్గెట్ తగ్గినందుకు జిల్లా అధికారి సంజాయిషీ అడక్కుండా ఉంటాడా. పరిషత్తు నాయకత్వ బృందం అంటే ఈ వరుసే. ఇందులో ఏ ఒక్కరు తలవంచుకున్నా మిగతావాళ్ల పదవులకు అర్థముండదు.

ఇప్పుడు తూర్పు హైదరాబాద్‌కి కొత్త లెక్క ఒకటి వచ్చిపడింది. కొత్తపేట పండ్ల మార్కెట్ ఖాళీ చేసిన గడ్డిఅన్నారం స్థలంలో టిమ్స్‌కి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. వెయ్యి పడకల ఆసుపత్రి. అది పరిషత్తు కిందికి రాదు. అంటే ఒకే మెట్రో లైను పక్కన రెండు సర్కారు దవాఖానలు, ఇద్దరు యజమానులు. ఇంతకాలం చాదర్‌ఘాట్ వంతెన దాటి ఉస్మానియాకి చీటీ రాసిన మలక్‌పేట డ్యూటీ డాక్టరు ఇక ఎటు రాయాలి? రక్తస్రావం ఆగని బాలింతను రాత్రి రెండింటికి పంపాల్సి వస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, అవతల ఎవరు ఎత్తాలి, రక్తం సంచి ఏ దవాఖానది వెంట పోవాలి? ఈ మూడు ప్రశ్నల మీద రెండు సంస్థల సూపరింటెండెంట్లు, ఇద్దరు నర్సింగ్ సూపరింటెండెంట్లు ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక పేజీ రాసుకుంటే, దానికి జీవో కూడా అక్కర్లేదు.