ఖర్గపూరు నుండి సింహగిరి చందనయాత్ర

మన ఖర్గపూరు తెలుగు ఇండ్లలో చైత్రమాసము సగము గడచుసరికి ఒక ప్రశ్న వినవచ్చుచుండెడిది: "ఈ యేడు పాసు తీసేరా?" ఏ యూరికి అని యెవరును అడిగెడివారు కారు. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున వరాహ నరసింహస్వామి నిజరూప దర్శనమిచ్చును. ఏడాదిలో ఆ యొక్క దినముననే స్వామి చందనపు ముసుగు లేక కానవచ్చును. మధురాకటి, నిమ్‌పురా, గోల్‌బజారు ప్రాంతములందు కాపురమున్న మనవారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చినవారు. కావున ఆ దినము వారికి దేవుని పండుగయు, పుట్టినూరి పండుగయు నయ్యెను.

వైశాఖము వసంత ఋతువులోనిదే యని పంచాంగము చెప్పును. తదియనాటి మధ్యాహ్నము కొండపై వరుసలో నిలిచినవారు మాత్రము ఆ మాటను సులభముగా అంగీకరింపరు.

ఈ యాత్ర మనకు ఏటేటి యాచారమగుటకు రైలే కారణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. బెజవాడనుండి కటకము వరకు తీరము వెంబడి సాగిన ఈస్టుకోస్టు మార్గము 1893–1896 సంవత్సరముల నడుమ భాగములుగా తెరువబడెను. 1900లో కోలాఘాటువద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తికాగా, హౌరానుండి ఖర్గపూరు మీదుగా కటకమునకు దారి కలిసినది. 1902లో వాల్తేరునకు ఉత్తరమున నున్న ఈస్టుకోస్టు భాగము పూరీ శాఖతో సహా బి.ఎన్.ఆర్. వశమయ్యెను. ఈ చివరి సంవత్సరమును మనవారు అంతగా తలచుకొనరు గాని, నా యభిప్రాయమున మన చరిత్రకు అదియే కీలకము. ఒకే కంపెనీ క్రింద ఒక కొసను ఖర్గపూరు వర్కుషాపు, వేరొక కొసను వాల్తేరు నిలిచినవి. పని యిక్కడ, పని కావలసినవా రక్కడ; నడుమ నున్నవి కంపెనీవారి పట్టాలే. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా మనవారు వచ్చి చేరిరి. పని యిచ్చిన రైలే పాసును కూడ నిచ్చెను. ఆ పాసు లేకున్నచో సింహాద్రి యాత్ర జీవితమున ఒక్కసారి తీర్చుకొను మ్రొక్కుగానే మిగిలియుండెడిది.

అయితే ఈ దారి రైలువారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో రాజ్యమునకు వచ్చునాటికి తూర్పు గాంగుల రాజధాని కళింగనగరము. అది నేటి ముఖలింగము. ఆయన యేలుబడిలో రాజ్యము ఉత్తరముగా వ్యాపించి, మన మిదునాపురపు సీమ వరకును వచ్చినది. పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్నవాడు ఆయనయే. 13వ శతాబ్దమున ఒకటవ నరసింహదేవుడు కోణార్కమున సూర్యాలయమును కట్టించెను. సింహాచలాలయము నేటి రూపమును పొందినది కూడ ఆ గాంగుల కాలముననే. ఖుర్దారోడ్డులో దిగినచో పూరీ, ఆమదాలవలసలో దిగినచో ముఖలింగము, శ్రీకూర్మము, మార్గాంతమున సింహగిరి. ఈ మేలుబంతులన్నియు ఒకే రాజవంశపు చేతిమీదుగా వెలసినవో పెరిగినవో యైనవి. మన ఖర్గపూరు రైలెక్కి వాల్తేరు పోవువాడు తెలియకయే గాంగరాజ్యమును ఆ కొసనుండి ఈ కొసకు దాటుచున్నాడు.

సింహాచలమున దొరకిన శాసనములలో ప్రాచీనమైనది 11వ శతాబ్దము తుదినాటిది, కులోత్తుంగ చోళుని కాలమునకు చెందినది. కళింగ దండయాత్ర సందర్భమున శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇచ్చటికి వచ్చి స్వామికి ఆభరణముల నర్పించినట్లు శాసనము గలదు. తరువాతి కాలమున విజయనగరపు పూసపాటివారు వంశపారంపర్య ధర్మకర్తలైరి. ఆలయ శాసనములు ఒక్క భాషలో లేవు. సంస్కృతము, తెలుగు, ఓఢ్రము ఆ రాళ్లపై ఇరుగుపొరుగువలె కూర్చున్నవి. మన పేటలలోని అరుగుల ముచ్చటయు అంతియే కదా!

ఖర్గపూరునుండి విశాఖపట్టణము సుమారు 765 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణము. మన స్టేషను ప్లాటుఫారము 1072.5 మీటర్ల పొడవు. 2013లో గోరఖ్‌పూరు దానిని మించువరకు ప్రపంచమున అదియే పొడవైనదని ప్రసిద్ధి. నెత్తిపై ట్రంకుపెట్టెతో, చంకలో బిడ్డతో తమ పెట్టెను వెదకుచు పరుగెత్తిన తల్లులకు ఆ ప్రసిద్ధి యెట్టిదో బాగుగ తెలియును. పులిహోర పొట్లములు బాలేశ్వరము దాటక మునుపే విప్పుదురు. సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది నిద్రలోనే గడచిపోవును.

ఖుర్దారోడ్డువద్ద పెట్టె సగము ఖాళీయగును. అక్షయ తృతీయనాడే పూరీలోను చందనయాత్ర ప్రారంభమగును. రథముల నిర్మాణమునకు ఆ దినమే మొదలు. ఉత్సవమూర్తులు నరేంద్ర సరస్సున పడవలలో విహరింతురు. ఒకే తిథి, ఒకే గంధపుచెక్క. కాని పూరీలో ఆ దినమున చందనము పూయుట మొదలిడుదురు, సింహగిరిలో ముందు ఒలుచుదురు. మా చిన్ననాట ఈ సంగతి మాకు గొప్ప చిక్కుప్రశ్నగా నుండెడిది. "ఎండకు ఆయనకు గంధం పూస్తుంటే మనోళ్లు తీసేస్తారేటి తాతా?" అని అడిగితిమి. "రాత్రికి మళ్లీ పూస్తార్రా, ఒక్కపూట ఓర్చుకుంటాడు" అని ఆయన సమాధానము.

చిలుకసరస్సు దాటి బరంపురము. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు ఈ ఊరు అటు చేరినను, ప్లాటుఫారముపై తెలుగు మాట నేటికిని వినబడును. ఆపై ఇచ్ఛాపురము. అచ్చట స్టేషను పలకపై తెలుగక్షరములు కనబడగానే పిల్లలను కిటికీకడకు పిలిచి చదివించుట మా యింటి వాడుక. ఇది చిన్న సంగతి కాదు. మన పిల్లలలో అనేకులు తెలుగును చెవితో నేర్చిరి గాని కంటితో నేర్వలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు అంగీకరించినది, సంతోషమే. కాని ఆ పలకను తడుముకొనక చదివిన బాలుని ముఖమున కానవచ్చు వెలుగు వేరు.

తదియనాటి వేకువనే అర్చకులు ఏడాది చందనమును తొలగింతురు. అప్పుడు వరాహముఖము, నరదేహము, సింహపు తోక గల త్రిభంగిమూర్తి కానవచ్చును. రాత్రి గంగధార జలముతో సహస్ర ఘటాభిషేకము జరిపి, మూడు మణుగుల చందనమును మరల సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలకు మూడేసి మణుగుల చొప్పున పూయగా మొత్తము పండ్రెండు. ఒలిచిన చందనము భక్తులకు ప్రసాదమగును.

ఈ సందర్భమున స్పెయిను దేశపు అండలూసియాలోని సెవిల్ నగర వసంతోత్సవము నాకు జ్ఞప్తికి వచ్చును. 1847లో అది పశువుల సంతగా మొదలయ్యెను. దానిని ప్రతిపాదించిన ఇద్దరు నగర ప్రముఖులలో ఒకడు బాస్కు, వేరొకడు కాటలాన్. ఇరువురును ఆ యూరికి పైనుండి వచ్చినవారే! 1859లో కార్దోబానుండి సెవిల్‌కు రైలు వచ్చెను. 1992లో మాడ్రిడ్ నుండి అతివేగపు రైలు నడచినది. సంత క్రమముగా తగ్గి, పాట, నాట్యము, గుఱ్ఱపు స్వారి మిగిలినవి. అచ్చట పైవారు వచ్చి పండుగను నెలకొల్పిరి. మనము పైకి పోయి, మన పండుగకై వెనుకకు రైలెక్కుచున్నాము. అచ్చటి డేరాలలో అనేకము స్వంతదారులవి, పిలుపులేనివాడు వెలుపలనే నిలువవలెను. సింహగిరిలో పిలుపు అక్కరలేదు, కాని వరుస తప్పదు.

వరుసమాట వచ్చినది కాబట్టి దాచుట తగదు. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవపు వేకువలో, వానకు క్రొత్తగా కట్టిన గోడ కూలి, వరుసలో నిలిచిన ఏడుగురు మృతిచెందిరి. నాటినుండి మా యింట వృద్ధులను పంపుటకు జంకుచున్నాము. ఒక్క దినముననే దర్శనమన్న నియమము మార్చరానిది. జనము నిలుచు స్థలమున గోడ గట్టిదో కాదో చూచుట మాత్రము మనుష్యుల పని.

జంకునకు వేరొక కారణమును గలదు. రైల్వే కొలువులు మునుపటివలె తండ్రినుండి కొడుకునకు రావు. బెంగుళూరులోను, హైదరాబాదులోను కొలువు చేయు పిల్లలకు పాసు లేదు, చైత్రమున "పాసు తీసేరా" యను ప్రశ్నయు లేదు. వారు విమానమున ఎప్పుడైన విశాఖ పోయి, కారులో కొండయెక్కి, చందనమూర్తినే చూచి వత్తురు. అదియు దర్శనమే, కాని ఇచ్ఛాపురపు పలక వారికి కనబడదు.

తిరుగు ప్రయాణములో ఖుర్దారోడ్డు వచ్చుసరికి తెల్లవారుచుండెడిది. పూరీనుండి వచ్చు ఒరియా, బెంగాలీ కుటుంబములు పెట్టెలోనికి ఎక్కుచుండిరి. మా నాయనమ్మ చెంగుముడి విప్పి చిటికెడు చందనమును ఎదుటి బల్లపై కూర్చున్న ముసలమ్మ అరచేతిలో నుంచెడిది. ఆమె తన వెదురుబుట్టనుండి ఎండు మహాప్రసాదమును నాలుగు మెతుకులు తీసి మా చేతులలో పెట్టెడిది. ఒకరి భాష ఒకరికి సగమే తెలియును. ఖర్గపూరు చేరువరకు వారిద్దరును మాటాడుకొనుచునే యుండిరి.