కాలేజీ ఆటగాళ్లకు డబ్బులివ్వాలా? ఓ పాత రూలు కథ

గణపవరం కుర్రాడు ఒకడు యూనివర్సిటీ తరఫున ఆడొస్తే చేతికొచ్చేదేంటి? మహా అయితే ట్రాక్‌సూటు, సర్టిఫికెట్. ఎందుకిలా?

ఆటకి డబ్బు తీసుకోకూడదన్న రూలు ఇంగ్లండ్ దొరబాబులది. కూలికి పోవాల్సిన అవసరం లేనివాళ్లు పెట్టుకున్న రూలు. 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన అమెరికా ఆదివాసీ జిమ్ థోర్ప్, చదువుకునే రోజుల్లో డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. వాటిని కుటుంబానికి తిరిగిచ్చింది 1983లో. అప్పటికి ఆయన పోయి 30 ఏళ్లు!

మనోళ్లు దీనికి వేరే దారి చూశారు: ఉద్యోగం. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ అలాంటిదే. నేటి స్పోర్ట్స్ కోటా కూడా అదే లెక్క. అంటే ముందు గెలువు, తర్వాత చూద్దాం.

మరి గెలిచేదాకా? 2020లో మూడబిద్రి యూనివర్సిటీ పోటీల్లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. కానీ అక్కడ డోపింగ్ టెస్టు జరగలేదని రికార్డు ఇవ్వలేదు. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు.

అమెరికాలో 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా వాటా ఇవ్వొచ్చు. అక్కడ టీవీ డబ్బుంది, మనకి లేదు. ఖేలో ఇండియాకి ఎంపికైతే నెలకి 10,000 రూపాయల భత్యం ఉంది, కానీ అది కొద్దిమందికే. కాబట్టి జీతం మాట తర్వాత. కాలేజీ జెర్సీ వేసుకున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తిండి, బూట్లు, దెబ్బ తగిలితే వైద్యం కాలేజీయే చూడాలి. అది దానం కాదండి, బాకీ.