తరిగొండ వేంగమాంబయు బాలవైధవ్యధర్మమును

వాల్మీకిపురమను నామాంతరముగల వాయలుపాటికిఁ జేరువనున్న తరిగొండ లక్ష్మీనృసింహస్వామివలనను, వేంగమాంబవలనను ఆంధ్రదేశమునఁ బ్రసిద్ధిఁ గాంచినది. 1730 ప్రాంతమున నచ్చట జనించి, 1817వ సంవత్సరమునఁ దిరుమలపై సమాధినందిన యీ కవయిత్రిని భక్తురాలిగాఁ గొనియాడినవారు పెక్కురు. ఆమె జీవితమున వివాహధర్మమునకు సంబంధించిన వివాదమొకటి కలదు. అది భక్తికథలలో మఱుఁగుపడినది. దానినే యిచ్చట విచారింపఁదలఁచితిని.

వేంగమాంబ తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. బాల్యముననే యామెను వేంకటాచలపతి యను వరునకిచ్చి వివాహముచేసిరి. అతఁడు స్వల్పకాలమునకే మృతిఁజెందెను. నాఁటి బ్రాహ్మణకుటుంబముల యాచారముచొప్పున నా బాలిక పసుపుకుంకుమలను విడిచి, కేశఖండనమున కొప్పుకొనవలసియుండెను. ఆమె యొప్పుకొనలేదు. శ్రీవేంకటేశ్వరుఁడే తనకు భర్త యనియు, నాయన నిత్యుఁడు గావునఁ దనకు వైధవ్యము లేదనియుఁ జెప్పి, సుమంగళీచిహ్నములను ధరించియే యుండెను. బలవంతముగాఁ గేశములు తీయింపఁగా నవి వెంటనే మరల మొలిచెనని యైతిహ్యము. మదనపల్లెకుఁ జెందిన సుబ్రహ్మణ్యదేశికులయొద్ద నుపదేశమునొంది, తరిగొండలో నున్నప్పుడే నృసింహశతకము, రాజయోగామృతసారము మొదలగువానిని రచించెను. పిదప స్వగ్రామమును వీడి తిరుమల చేరి, వేంకటాచలమాహాత్మ్యము, ద్విపదభాగవతము మున్నగు కృతులను రచించెను.

విధవాశబ్దమునకు 'ధవుఁడు లేనిది' యని పండితులు విగ్రహము చెప్పుదురు, ధవుఁడనఁగా భర్త. వేంగమాంబ యీ యర్థమును గాదనలేదు. ధవుఁడు లేని స్త్రీకి విధింపఁబడిన నియమములనుగూడఁ గాదనినట్లు కథలలోఁ గానము. తనకు ధవుఁడు కలఁడని మాత్రమే యామె వాదము. తర్కపరిభాషలోఁ జెప్పవలెనన్నచో, నామె వ్యాప్తి నంగీకరించి, హేతువు తనయందు లేదని నిరూపింపఁబూనినది. ఈ వాదమువలన నామె తప్పించుకొనఁగలిగెను. నియమమునకు మాత్రము భంగము కలుగలేదు.

భంగము కలుగకపోవుటయే విచారింపఁదగిన విషయము. దేవుని భర్తగాఁ జెప్పికొని నిలువఁగల ధైర్యమును, గవిత్వమును, యోగమును ఎల్ల బాలికలకు నుండవు. కేశములు మరల మొలిచెనన్న కథ జనులకు మిక్కిలి సుకరమైనది. ఆమెను మానవులకుఁ గల ధర్మమునకు వెలుపల నిలుపుటచే, నా ధర్మము సరియైనదా యను ప్రశ్న తమయింటి బాలికలయెడ వేసికొనవలసిన యవసరము వారికిఁ దప్పిపోయినది. ఆమె జీవితకాలములోనే, 1800వ సంవత్సరమున, నీ సీమను నిజాము కుంఫిణీవారికి దత్తముచేసెను. ప్రభుత్వము మాఱినను గృహములలోని యాచారము మాఱలేదు. భర్తతోఁ గాపురముచేసిన పత్నికై చెప్పఁబడిన పాతివ్రత్యమును, దాంపత్యమన నేమో యెఱుఁగని శిశువుపై మోపుట యస్థానమున నుంచిన యాదర్శము.

వేంగమాంబ పరమపదించిన 39 ఏండ్లకు, 1856లో, హిందూవితంతువుల పునర్వివాహమును జట్టము చెల్లుబాటు చేసెను. దానికి ముందు వంగదేశమున నీశ్వరచంద్ర విద్యాసాగరుఁడును, తరువాత రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగముపంతులును పరాశరస్మృతినిఁ బ్రమాణముగాఁ గైకొనిరి. పతి మృతిఁజెందుట మొదలగు నయిదాపదలలో స్త్రీకి వేఱొకపతి విహితుఁడని యా స్మృతివచనము. ఇందలి 'పతౌ' అను రూపమునుగూర్చి వ్యాకరణవివాద మొకటి పుట్టినది. పాణినిమతమునఁ బతిశబ్దమునకు సమాసమునందే ఘిసంజ్ఞ; కావునఁ గేవలపతిశబ్దమునకు సప్తమిలో 'పత్యౌ' యని యుండవలెను. దీని నాధారముగాఁగొని, పునర్వివాహమును నిరాకరించు పండితులు ముందుపదముతోడి సంధిలో నకారము లోపించినదనియు, నది 'అపతౌ' యనియుఁ జెప్పిరి. అపతి యనఁగా వాగ్దానమాత్రముచే నేర్పడిన వరుఁడఁట! ఆర్షప్రయోగములలో 'పతయే' మొదలగు రూపములు కలవు గావున 'పతౌ' యనుటలో దోషము లేదని రెండవపక్షము. నాకీ రెండవపక్షమే సమంజసముగాఁ దోఁచుచున్నది. ఋషివాక్యమున రూపమును సమర్థించుటకు మార్గముండఁగా, లేని యకారమును గల్పించి యర్థమును మాఱ్చుట శబ్దశాస్త్రమునకుఁ గీర్తి గాదు.

1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. తరిగొండలోని వాదమునకును దీనికిని గల భేదము గమనింపఁదగినది. వేంగమాంబ పతిశబ్దముయొక్క యర్థమును లోకోత్తరముచేసి తాను వెలువడినది. పంతులుగారి వాదము సామాన్యబాలికకుఁగూడ నుపయోగించును, మహిమ యక్కఱలేదు. అయినను బాల్యవివాహమను మూలము మిగిలియే యుండెను. బాలికకుఁ బదునాలుగేండ్లు నిండవలెనను శారదాచట్టము 1930 ఏప్రిలు 1వ తేదినిగాని యమలులోనికి రాలేదు.

ఇందువలన వేంగమాంబకు న్యూనత యేమియు లేదు. శాస్త్రము చదివిన పురుషులు యకారమునకై వాదించుటకుఁ బూర్వమే, చదువు నేర్పినవారు లేని యొక బాలిక యాచారమున కెదురు నిలిచినది. తిరుమలలో నేఁటికిని ఏకాంతసేవాసమయమున నామె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. ఆమెను బూజించుట యుచితమే. దానితోపాటు, ఆమె కావ్యముల యవతారికలను గ్రంథాంతమునందలి గద్యలను సరిపోల్చి, తన వివాహమునుగూర్చి యామె స్వయముగాఁ బలికిన దెంతయో, తరువాతివారు చేర్చినదెంతయో వేఱుపఱుచుట పరిశోధకుల కర్తవ్యము. మహిమలను దొలఁగించి చూచినను మిగులునట్టి యా బాలికయొక్క నిరాకరణమే చరిత్రకుఁ గావలసినది.