పాటకు తెఱచిన తలుపు



పాటకు కులము లేదని మన పెద్దలు తఱచుగా ననుచుందురు. ఆ మాట నిజమే. కాని పాట కట్టినవానికిని, పాడినవానికిని ఆ స్వేచ్ఛ లభించెనా యని చరిత్ర నడిగినచో వచ్చు సమాధానము వేఱు. పాటను లోనికి రానిచ్చి, పాటకుని గడప వెలుపల నిలిపిన నిదర్శనములు మన వినుకొండలోను గలవు. సముద్రముల కావల అమెరికాలోను గలవు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూపుట నేటి నా ప్రసంగోద్దేశము.

మహాకవి గుఱ్ఱము జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ వేఱువేఱు కులములవారు. తల్లి పుట్టిన కులము అస్పృశ్యమని నాటి లోకము నిర్ణయించినది. కుటుంబము క్రైస్తవమతమును స్వీకరించినది. ఒకప్పుడు వినుకొండలో జరిగిన యవధానసభలో జాషువ పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికేల రానిచ్చితిరని కొందఱు ఆయనను అవమానించిరి. ఆ యాక్షేపణ పద్యమునకు గాదు, పుట్టుకకు.

పొట్టకూటికై ఆయన 1915-16 సంవత్సరములలో రాజమహేంద్రవరమున మూగచిత్రములకు కథ చదువు ఉద్యోగము చేసెను. తెరమీది బొమ్మలకు మాటలేని కాలమున, చీకటిలో నిలిచి వానికి తన కంఠము నిచ్చుటయే ఆ పని. పిమ్మట గుంటూరులో ఉపాధ్యాయుడై, 1928 మొదలు 1942 వఱకు తెలుగు పండితుడుగా నుండెను.

ఈ నడుమ ఒక విశేషము జరిగినది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన హరిశ్చంద్ర నాటకము మన పల్లెలలో ఎంత ప్రసిద్ధమో మీరెఱుగుదురు. అందలి కాటిసీనులో నటకులు జాషువ వ్రాసిన శ్మశానపద్యములను చేర్చి, హార్మోనియము శ్రుతికి రాగమెత్తి పాడసాగిరి. నా చిన్నతనమున మా తాలూకాలో ఆ పద్యములు వినబడని వేసవి లేదు. రాజును, పేదయు ఒకే మట్టిలో కలియుదురనియు, అంటరానితనమునకు ఆ ఒక్కచోట తావులేదనియు ఆ పద్యముల భావము. జనులు కన్నీరు తుడుచుకొని వన్సుమోరు లిచ్చెడివారు. తెల్లవాఱిన పిమ్మట ఆ ఊరి బావి యెప్పటివలెనే కొందఱికి దూరముగా నుండెడిది.

1941లో వెలువడిన ‘గబ్బిలము’లో జాషువ ఈ స్థితినే కావ్యవస్తువుగా గైకొనెను. అంటరానివాడొకడు కాశీ విశ్వనాథునకు తన మొఱ నొక గబ్బిలముచేత పంపును. కాళిదాసుని యక్షునకు మేఘము దొరకినది. ఇతనికి గబ్బిలమే గతి. ఏలయన గుడిలోనికి పోవుటకు గబ్బిలమున కడ్డులేదు, మనుష్యున కున్నది. ఆయన పద్యమును ఆ గబ్బిలమువలెనే, తాను పోరాని చోట్లకు పోయినదని నా తలంపు.

ఇక అమెరికా సంగతి. మన ప్రాంతము పత్తిచేలకు పేరుగన్నది. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచే అచ్చటి పత్తి ఇంగ్లండునకు రాక, భారతదేశపు పత్తికి గిరాకి విశేషముగా పెరిగెను. ఆ అమెరికా పత్తిని పండించినవారు ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారును, వారి సంతతియును. చదువు నిషేధింపబడిన ఆ జనులకు పాటయే గ్రంథము. ఒకడెత్తుకొనగా తక్కినవారందుకొందురు, మన బుఱ్ఱకథలో వంతలు పలికినట్లే. పైకి మోక్షమును గూర్చిన భక్తిగీతము, లోన విడుదలకై వేడికోలు.

1865లో దాస్యము రద్దయినది. మఱుసటి సంవత్సరము నాష్‌విల్ నగరమున వారికై ఫిస్క్ విద్యాలయము తెఱవబడెను. ధనము లేక అది మూతపడు స్థితి రాగా, 1871 అక్టోబరులో తొమ్మండ్రు విద్యార్థులు పాటలు పాడి చందాలు దెచ్చుటకు బయలుదేఱిరి. వారిలో పెక్కుమంది దాస్యమున పుట్టినవారే. పాట విన్న సభలు కరతాళధ్వనులు చేసినవి. ఆ రాత్రి పండుకొనుటకు పలు హోటళ్లు గది నియ్యలేదు. అయినను వారు వెనుదీయక 1873లో విక్టోరియా రాణి యెదుట పాడి, తెచ్చిన ధనముతో విద్యాలయమునకు గొప్ప భవనమును గట్టించిరి.

అరువదియేండ్లు దాటినను ఆ తలుపు పూర్తిగా తెఱవబడలేదు. 1939లో మేరియన్ ఆండర్సన్ అను నల్లజాతి గాయనికి వాషింగ్టనులోని కానిస్టిట్యూషన్ హాలు నిరాకరింపబడెను. ఆమె ఏప్రిలు 9వ తేదీన లింకను స్మారకమందిరపు మెట్లపై నిలిచి పాడగా సుమారు 75,000 మంది వినిరి. రేడియో దేశమంతట వినిపించెను. 1943లో ఆమె అదే హాలులో పాడెను. 1957లో మన దేశమునకును వచ్చి పాడినది. పాల్ రాబ్సన్ అను మఱియొక గాయకుని పాస్‌పోర్టును ప్రభుత్వము 1950లో లాగుకొనగా, ఆయన 1957లో టెలిఫోను తీగమీదుగా లండను సభకు పాటలు వినిపించెను. కంఠము సముద్రము దాటినది. మనిషి దాటుటకు మఱుసటి యేడు రావలసివచ్చెను.

జాషువకును కాలక్రమమున గౌరవము దక్కెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. 1957-59 నడుమ ఆయన మదరాసు రేడియో కేంద్రమున కార్యక్రమ ప్రయోక్తగా పనిచేసెను. 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణము లభించినవి. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కీర్తిశేషుడయ్యెను.

ఒక్క మహాకవికి జరిగిన సన్మానముతో లెక్క తీఱదు. మదరాసు రాష్ట్రమున 1947 చట్టము గుడితలుపు తెఱచినది. 1950లో అమలైన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. చట్టము చేయగలిగినది చేసినది. మిగిలిన పని గ్రామములో పదిమంది మాట వినునట్టి మీబోటి పెద్దలది. మీ యూర తిరునాళ్లకు నాటకము వచ్చినప్పుడు, పద్యమునకు వన్సుమోరు చెప్పుటకు ముందొక సంగతి విచారింపుడు: డప్పు వాయించినవానికి కూర్చుండుటకు చాప వేసిరా? పాట కట్టినవానికి అందఱితోపాటు పంక్తిలో విస్తరి వేసిరా? వేయనిచో, మీరే లేచి వేయింపుడు.