ఇంటి సినిమాకు మాటలొచ్చిన దారి

1932 ఫిబ్రవరిలో ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెలుగు తెరకు మాటలొచ్చాయి. అదే ఏడాది అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ ఇళ్లలో వాడుకోవడానికి 8 ఎం.ఎం. ఫిల్మునూ, దానికి తగిన చిన్న కెమెరానూ అమ్మకానికి పెట్టింది. థియేటర్లో బొమ్మలు పద్యాలు పాడుతుంటే, ఇంటి గోడ మీద ఆడే బొమ్మలు మాత్రం పెదవులు కదిపి ఊరుకునేవి. మైకున్న కెమెరా మామూలు సంసారుల చేతికి రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. తీసేసిన బొమ్మకు ఆ తర్వాత తీరిగ్గా, తోచినట్టు ధ్వని చేర్చుకునే వీలు కలగడానికి ఇంకో పాతికేళ్లు.

ఈ ఆలస్యానికి మూలం చోటు. ధ్వనిని పట్టడం ఎలాగో అప్పటికే తెలుసు. పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు.

పొదుపు తెచ్చిన ఇరుకు

8 ఎం.ఎం. ఫిల్ము పొదుపులోంచి పుట్టింది. 16 ఎం.ఎం. వెడల్పున్న 25 అడుగుల ఫిల్ము మీద ముందు ఒక సగంలో బొమ్మలు తీసేవారు. రీలు తిరగేసి రెండో సగంలో తీసేవారు. కడిగిన తర్వాత లాబ్‌లో దాన్ని నిలువునా చీల్చి కొసలు అతికిస్తే 50 అడుగుల రీలయ్యేది. 16 ఎం.ఎం.లో ఒక బొమ్మ పట్టే చోట ఇందులో నాలుగు పట్టేవి. ఖర్చు తగ్గింది, చోటూ తగ్గింది.

16 ఎం.ఎం. ఫిల్ముకు రెండంచులా రంధ్రాల వరసలుండేవి. ధ్వని అవసరమైనప్పుడు ఒక వరసను ఎత్తేసి, ఆ జాగాలో సౌండ్ ట్రాక్ ముద్రించారు. 8 ఎం.ఎం.కు ఉన్నదే ఒక్క వరస. అదీ తీసేస్తే ఫిల్మును లాగేదేది? పైగా ధ్వనిని కాంతిరేఖలుగా ముద్రించే ఆ పద్ధతికి లాబ్ కావాలి. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు.

దారి అయస్కాంతం వైపు నుంచి వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లోనే ఉక్కు తీగ మీద మాటను అయస్కాంత రూపంలో నిలిపాడు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీకి లోహపు పొడి పూసి టేపు చేశాడు. 1935లో ఏఈజీ కంపెనీ మాగ్నెటోఫోన్ అనే టేప్ రికార్డరును బెర్లిన్‌లో ప్రదర్శించింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆ యంత్రాలు జర్మనీ దాటాయి. టేపు మీద పూసే పొడినే ఫిల్ము అంచున సన్నటి చారగా పూస్తే సరిపోతుందన్న ఆలోచన 1950లలో ఆచరణలోకి వచ్చింది. చార మీద మాట్లాడవచ్చు, నచ్చకపోతే చెరిపి మళ్లీ మాట్లాడవచ్చు. లాబ్‌తో పని లేదు.

చార వేయించుకోలేనివాళ్లు ప్రొజెక్టరు పక్కన టేప్ రికార్డరు పెట్టి రెండూ ఒకేసారి నొక్కేవారు. మొదటి నిమిషం బాగానే ఉండేది. ఎవరి మోటారు వేగం వారిది గనుక కాసేపటికి మాట ముందుకో వెనక్కో జరిగిపోయేది. వర్ణన, నేపథ్య సంగీతం అయితే ఎలాగో సర్దుకుంటాయి. పెదవుల కదలికకు మాట కలపడం మాత్రం కుదిరేది కాదు.

పద్దెనిమిది బొమ్మల దూరం

1965లో కొడాక్ సూపర్ 8 తెచ్చింది. ఫిల్మును ఎక్కించే బాధ లేకుండా 50 అడుగుల రీలు ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో వచ్చేది. సెకనుకు 18 బొమ్మల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు నడిచేది. 1973లో అదే కంపెనీ అయస్కాంత చార ఉన్న కార్ట్రిడ్జినీ, మైకు తగిలించుకునే కెమెరానూ విడుదల చేసింది. అంతకుముందు 1960లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 8 ఎం.ఎం. సౌండ్ కెమెరా తెచ్చినా, ఇంటి సినిమా మాట్లాడటం వాడుకగా మారింది సూపర్ 8 తోనే.

ఇక్కడే అసలు చిక్కు బయటపడింది. బొమ్మ పడాలంటే కటకం వెనక ఫిల్ము సెకనుకు 18 సార్లు ఆగి ఆగి కదలాలి. ధ్వని పడాలంటే అదే ఫిల్ము కుదుపు లేకుండా జారాలి. ఒకే చోట రెండూ సాధ్యం కావు. అందుకని ధ్వనిని పట్టే హెడ్‌ను బొమ్మ పడే చోటికి 18 బొమ్మల దూరంలో అమర్చారు. ప్రొజెక్టరులోనూ అంతే దూరం గనుక చూసేటప్పుడు తేడా తెలియదు. కత్తిరించబోతేనే తెలుస్తుంది: బొమ్మ దగ్గర కోస్తే, దానికి చెందిన మాట అక్కడికి ఒక సెకను దూరంలో ఉంటుంది. ‘అమ్మా’ అన్న పిల్లవాడి బొమ్మ ఒక ముక్కలో, పిలుపు ఇంకో ముక్కలో మిగిలిపోతాయి. బొమ్మకు ధ్వనిని గట్టిగా కట్టేసిన కొద్దీ కూర్పు కష్టమైంది.

ఈ ఇరుకులోనే ఒక తమాషా జరిగింది. ఒక అంచుకు చార పూస్తే ఆ వైపు ఫిల్ము మందమై రీలు సమంగా చుట్టుకోదు. అది సరిచేయడానికి రెండో అంచుకూ ఒక చార పూసేవారు. మందం కోసం తప్ప దానికి వేరే పని లేదు. కొన్నాళ్లకు ప్రొజెక్టరు తయారీదారులు ఆ ఖాళీ చార మీదా రికార్డు చేయవచ్చని గ్రహించారు. కెమెరా పట్టిన మాట అసలు చారలో ఉండగానే, పాటో వ్యాఖ్యానమో రెండో చారలోకి ఎక్కింది. అసలు ధ్వనిని చెరపకుండా కొత్త ధ్వని చేర్చే వీలు ఇంటివాళ్లకు దొరికిన తొలి రూపాల్లో ఇదొకటి.

ఆడియో డబ్ మీట

1976లో జపాన్‌లో జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చింది. 1983లో సోనీ బీటామూవీ, మరుసటి ఏడాది జేవీసీ జీఆర్-సీ1 వచ్చి, కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడాయి. వీహెచ్ఎస్ టేపు మీద బొమ్మ ఏటవాలు గీతలుగా పడుతుంది. ధ్వని పై అంచున నిలువునా సన్నటి పట్టీగా పడుతుంది. రెండూ వేరు గనుక బొమ్మను ముట్టకుండా ధ్వనిని మాత్రం మార్చవచ్చు. చాలా వీసీఆర్‌లకు ‘ఆడియో డబ్’ అనే మీట ఉండేది అందుకే. దానికి రెండు లోపాలు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లే కదిలేది. ఆడియో క్యాసెట్ వేగంలో ఇది సగం. ఆ వేగానికి ధ్వనిలో స్పష్టత తగ్గేది. రెండోది, మీట నొక్కితే పాత ధ్వని పూర్తిగా చెరిగిపోయేది.

స్పష్టత కోసం హైఫై వీహెచ్ఎస్ వచ్చింది. అందులో ధ్వనిని తిరిగే హెడ్‌లతోనే టేపు లోపొరలో రాసి, దాని మీద బొమ్మను రాస్తారు. వినడానికి హాయిగా ఉండేది. కానీ ఆ ధ్వనిని మార్చాలంటే బొమ్మనూ చెరపాలి. 1985లో వచ్చిన వీడియో 8 పద్ధతిలో కూడా మామూలు ట్రాక్ బొమ్మతో కలిసిపోయి ఉండేది. ఫిల్ము నాటి సమస్యే మళ్లీ: నాణ్యత కావాలంటే ముడి బిగించాలి, మార్పు కావాలంటే ముడి విప్పాలి.

మన పెళ్లి క్యాసెట్లు ఈ బేరానికి సాక్ష్యం. మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం, పంతులుగారి మంత్రం, అమ్మలక్కల సందడి అన్నీ మిక్సింగులో పోయి, ఆ చోట సినిమా పాట నిలిచిన క్యాసెట్లు తెలుగు ఇళ్లలో కోకొల్లలు. ఆ రోజు ఎవరు ఏమన్నారో ఇప్పుడు వాటిలో వినపడదు.

ముడిని విప్పకుండానే సడలించినది 1995లో వచ్చిన డీవీ టేపు. దానిలో ధ్వని అంకెల రూపంలో తన సొంత గడిలో ఉంటుంది. సెకనుకు 48,000 నమూనాల (ధ్వనిని కొలిచిన అంకెల) 16 బిట్ల స్టీరియో కావాలా, 32,000 నమూనాల 12 బిట్ల స్టీరియో రెండు జతలు కావాలా అన్నది ఎంచుకోవచ్చు. రెండోది ఎంచుకుంటే మొదటి జతలో అసలు ధ్వని ఉండగా, రెండో జతలో తర్వాత వ్యాఖ్యానం చేర్చుకోవచ్చు. సూపర్ 8 ఖాళీ చార అంకెల్లో తిరిగి పుట్టినట్టయింది.

కార్నెగీ మెలన్ నుంచి

డీవీ టేపులోని అంకెలు ఒక తీగ మీదుగా కంప్యూటరులోకి దిగగానే చోటు సమస్య తీరింది. ట్రాకులెన్నైనా పెట్టుకోవచ్చు. ఇంక కావలసింది ధ్వనిని కళ్లతో చూసి కత్తిరించే పరికరం. అప్పటికే కూల్ ఎడిట్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. అందరికీ ఉచితంగా అందినది మాత్రం ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో డామినిక్ మజోనీ అనే విద్యార్థి, కంప్యూటర్ సంగీత పరిశోధకుడు రోజర్ డానెన్‌బర్గ్ కలిసి, ధ్వని విశ్లేషణ పరిశోధనకు తోడుగా ఒక ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. 2000 మే నెలలో దాన్ని ఆడాసిటీ పేరుతో అందరి ముందూ పెట్టారు. ఇంటి వీడియోలు వారి మనసులో లేవు. బొమ్మను చూపడం ఆడాసిటీకి రాదు కూడా.

వారు పరిష్కరించిన చిక్కు వేరే. గంట నిడివి ధ్వని ఒకే పెద్ద ఫైలుగా ఉంటే, మధ్యలో ఒక దగ్గు తీసేయడానికి తర్వాతి భాగమంతా డిస్కు మీద తిరిగి రాయాలి. అప్పటి కంప్యూటర్ల మీద అది నిమిషాల పని. వారు ధ్వనిని ఒక మెగాబైటుకు మించని చిన్న ముక్కలుగా విడదీసి, వాటి వరసను మాత్రం పట్టికలో రాసుకున్నారు. కుట్టిన పుస్తకం బదులు విడి కాగితాల దొంతర ఉంటే ఒక పేజీ తీయడం ఎంత సులువో, ఇదీ అంతే. కోసింది వెంటనే తెగుతుంది, వద్దనుకుంటే వెంటనే తిరిగొస్తుంది. నలుగురు కూర్చుని మాట్లాడిన ఇంటి వీడియోను సరిచేసేవారికి సరిగ్గా కావలసింది ఇదే.

గాలి హోరు, ఫ్యాను రొద తగ్గించే పద్ధతీ ఇలాంటిదే. ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్ల భాగాన్ని ముందు చూపిస్తే, ప్రోగ్రాము ఆ రొదలో ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో కొలుస్తుంది. తర్వాత రికార్డింగు మొత్తాన్ని సన్నటి పౌనఃపున్య పట్టీలుగా విడగొట్టి, ఆ కొలతకు మించని పట్టీలను అణచివేస్తుంది. అతిగా వాడితే మాట నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకే షూటింగులో కొన్ని సెకన్లు ఖాళీ నిశ్శబ్దం కూడా పట్టుకోవడం మంచిది.

ప్రొజెక్టరు నాటి మోటార్ల తగవు మాత్రం అంకెల్లోకీ వచ్చింది. సీడీ ధ్వనికి సెకనుకు 44,100 నమూనాలు. ఆ వింత అంకెకు వీడియో టేపే తల్లి: తొలి డిజిటల్ ఆడియోను వీడియో రికార్డర్లలో దాచేవారు. గీతకు 3 నమూనాలు, 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు లెక్కేస్తే 44,100 వస్తుంది. వీడియో ప్రపంచం మాత్రం 48,000కు స్థిరపడింది. మొదటి రకాన్ని రెండో రకంగా పొరబడి ఆడిస్తే గంట ధ్వని 55 నిమిషాల్లో ముగిసి, గొంతులు సన్నబడతాయి. ధ్వనిని విడిగా ఫోనులో పడితే, రెండూ ఒకే రేటైనా, కెమెరా గడియారం వేరు, ఫోను గడియారం వేరు. లక్షకు ఐదు వంతుల తేడా చాలు, గంటకు 0.18 సెకను, అంటే పాల్ వీడియోలో నాలుగైదు ఫ్రేములు జరుగుతాయి. అందుకే మొదట్లో, చివర్లో కెమెరా ముందు చప్పట్లు కొట్టాలి. రెండు ట్రాకుల్లోనూ ఆ రెండు మొనలూ కలిసేలా నిడివి సవరిస్తే మధ్యలోని మాటంతా దారికొస్తుంది.

ఇప్పుడు తాతగారి మూగ రీలును డిజిటల్ చేయించి, అందులో ఎవరెవరున్నారో అమ్మమ్మ చేత చెప్పించి చేర్చవచ్చు. పెళ్లి వీడియోలో పాట ఒక ట్రాకులో సన్నగా నడుస్తుంటే, కింది ట్రాకులో గట్టిమేళం మిగిలే ఉంటుంది. రేపు పాట మీద మోజు తీరితే తీసేయవచ్చు. అయితే ఈ స్వేచ్ఛ ఎడిటింగు ప్రాజెక్టు ఫైలు ఉన్నంతవరకే. అందరికీ పంపడానికి తయారు చేసే చివరి వీడియోలో ట్రాకులన్నీ మళ్లీ ఒకటైపోతాయి. పంపేది అదైనా, దాచుకోవలసింది ప్రాజెక్టునూ, కెమెరా ఇచ్చిన అసలు ఫైలునూ.