విమానమును నడుపు పాదములు

సోమందేపల్లె ఎఱ్ఱనేలలో మడక తోలు రైతును మన మెఱుగుదుము. అతని చేయి మేడిమీదను, చూపు సాలు కొసమీదను నుండును. విమానము నేలపై పరువెత్తి పైకి లేచు వేళ వైమానికుని పనియు నట్టిదే. అయితే అచ్చట మేడి పట్టునది చేయి కాదు, కాలు.

వైమానికుని పాదములకు ఎదుట రెండు పెడళ్లుండును. కుడిది త్రొక్కిన, తోకమీది చుక్కాని కుడికి మఱలి, విమానపు ముక్కు కుడికి తిరుగును. ఎడమది త్రొక్కిన ఎడమకు. ఆ పెడళ్ల పైభాగమును మునివ్రేళ్లతో నొక్కిన చక్రములకు బ్రేకులు పడును.

1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తెచ్చిన తపాలను, నెవిల్ విన్సెంట్ మన పొరుగున నున్న బళ్లారిమీదుగా మద్రాసు చేర్చెను. ఆ చిన్న విమానము తోక నేలకు ఆనియుండునది. 1945లో హైదరాబాదున వెలసిన దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలును అట్టివే. వానిలో బరువు పెద్ద చక్రములకు వెనుక నుండుటచే, బండిని వెనుకకు నెట్టినపుడు కాడి ప్రక్కకు తిరిగిపోవునట్లు, ఒకసారి దారి తప్పిన విమానము మఱింత తప్పుచుండును. పైగా డకోటా రెండు పంకాలు నొకే దిక్కున తిరుగుటచే ముక్కు ఎడమకు లాగును. కుడికాలు క్షణక్షణము మెలకువతో దానిని సరిదిద్దవలసియుండెను.

1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్సులో విలీనమయ్యెను. 1957లో ఆ సంస్థకు వైకౌంటు విమానములు వచ్చెను. వీని ముక్కు క్రిందనే చక్ర ముండుటచే, బరువు పెద్ద చక్రములకు ముందై, విమానము తనంత తాను తిన్నని దారికి వచ్చును. పాదములకు పని తగ్గెను గాని తీఱలేదు. పెక్కు విమానములలో పరుగు మొదట పెడళ్లు ముక్కుచక్రమును కొంచెము త్రిప్పును. వేగము హెచ్చినకొలది గాలి తాకిడిచే చుక్కానికి బలము కలుగును. ఒక ఇంజను ఆగినచో ముక్కు ఆ వైపునకే లాగును. పనిచేయు ఇంజను వైపు కాలే త్రొక్కవలెను. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజనే ఆగినదని వైమానికుడు గ్రహించును.

పాదము నుంచు తీరుపై ప్రాణము లాధారపడుననుటకు రష్యాలో యారోస్లావ్లు ఘోరము సాక్ష్యము. 2011 సెప్టెంబరు 7న అచ్చట యాక్-42 విమానము పైకి లేవబోయి కూలెను. నలుబదియైదుగురిలో నలుబది నలుగురు మరణించిరి. పరుగు నడుమ చోదకులలో నొకరి పాదములు బ్రేకులను నొక్కెనని విచారణలో తేలినది. వారు పూర్వము నడిపిన యాక్-40లో పాదమంతయు పెడలుమీద నుంచుట వాడుక. యాక్-42లో మడమ నేలకు ఆనవలెను. పాత అలవాటు క్రొత్త విమానములోనికి వచ్చినది.

నాగలి మాఱినపుడు పట్టును మాఱవలెనని మన రైతు కెవరును చెప్పనక్కఱలేదు. మన యిండ్లమీదుగా విమానము మ్రోగుచు సాగిపోయినపుడు, అది నేల విడిచిన ఆ కొద్ది క్షణములలో మడమలు నేల కానించి కూర్చున్న వైమానికుని ఒకసారి తలంతము.