మేటాస్ ప్రతిపాదన నుండి అమరావతి తీర్పు వరకు: తెలుగునాట ఇన్‌సైడర్ ట్రేడింగ్ – చట్టపర పరిణామాలు

ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకకు ఒకవైపు సికింద్రాబాద్, మరొకవైపు హబ్సిగూడ, నాచారం దాటితే చర్లపల్లి ఉన్నాయి. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో సికింద్రాబాద్‌లో చిన్న సంస్థగా ఆరంభమైంది. దాని వ్యవస్థాపకుడు బి. రామలింగరాజు 2015 ఏప్రిల్‌లో శిక్షపడి చేరినది చర్లపల్లి కారాగారం. ఈ ఉదంతాన్ని లెక్కల మోసంగానే చూడటం పరిపాటి. అయితే బయటకు తెలియని సమాచారాన్ని ఆధారం చేసుకొని వాటాలు అమ్మి లాభపడటం, అనగా ఇన్‌సైడర్ ట్రేడింగ్, ఇందులో ప్రత్యేకంగా విచారణకు వచ్చిన నేరం. దాని చట్టపర పరిణామాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం రూపుదిద్దుకున్న క్రమం

భారతదేశంలో ఈ విషయంపై సమగ్ర నిబంధనలను సెబీ 1992లో తెచ్చింది. వాటికి తొలి గట్టి పరీక్ష కంపెనీల విలీనం విషయంలోనే ఎదురైంది. 1996లో బ్రూక్‌బాండ్ లిప్టన్ విలీన ప్రకటనకు ముందు హిందుస్థాన్ లీవర్ సంస్థ యూటీఐ నుండి ఆ కంపెనీ వాటాలు 8 లక్షలు కొన్నది. 1998 మార్చిలో సెబీ దీనిని తప్పుగా నిర్ణయించింది. విలీన వార్త అప్పటికే పత్రికలలో వచ్చినందున అది రహస్య సమాచారం కాదని అప్పీలు అధికారి అదే ఏడాది ఆ ఉత్తర్వును కొట్టివేశారు. ఈ లోపాన్ని 2002 సవరణ సరిదిద్దింది. పత్రికలలో వచ్చే ఊహాగానాలను ప్రకటిత సమాచారంగా పరిగణించరాదని స్పష్టం చేసింది. పొక్కిన వార్తకూ ప్రకటించిన వార్తకూ చట్టం గీసిన గీత ఇదే.

సత్యం ఉదంతం

2008 డిసెంబర్ 16న సత్యం సంస్థ మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తామని ప్రకటించింది. ఈ రెండూ రాజు కుటుంబానికి చెందిన సంస్థలే. న్యూయార్క్ మార్కెట్లో సత్యం వాటా విలువ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోగా, గంటల వ్యవధిలోనే ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. 2009 జనవరి 7 నాటి లేఖలో రామలింగరాజు ఈ కొనుగోలు ఉద్దేశాన్ని తానే వెల్లడించారు: లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపడానికి అది చివరి ప్రయత్నం. ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అదే లేఖ ఒప్పుకున్నది. ఆనాడు బొంబాయి మార్కెట్లో వాటా ధర 179 రూపాయల స్థాయి నుండి 40 రూపాయలకు దిగువకు చేరింది.

కాబట్టి ఇక్కడ దాచిన సమాచారం కొనుగోలు పథకం ఒక్కటే కాదు. ఆ పథకాన్ని అవసరం చేసిన అబద్ధపు లెక్కలు అసలు రహస్యం. కొద్దిపాటి వాటాలు తప్ప, అవి కూడా దాతృత్వ కార్యాల కోసమే తప్ప, ఎనిమిదేళ్లుగా తాము అమ్మలేదని లేఖ చెప్పింది. సెబీ విచారణ దీనికి భిన్నమైన నిర్ధారణకు వచ్చింది. లెక్కల నిజం తెలిసినవారు పెంచిన ధరకు వాటాలను అమ్మడం, తాకట్టు పెట్టడం ద్వారా అక్రమ లాభం పొందారని తేల్చింది.

దండన, దాని పరిమితులు

2014 జూలైలో సెబీ రామలింగరాజు సహా ఐదుగురిని 14 ఏళ్లపాటు మార్కెట్ నుండి నిషేధించి, 1,849 కోట్ల రూపాయలను 12 శాతం వడ్డీతో తిరిగి చెల్లించమన్నది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం పదిమందికి ఏడేళ్ల శిక్ష విధించింది. అయితే ఆ శిక్ష మోసం, ఫోర్జరీ వంటి నేరాలకు సంబంధించినది. మే నెలలో పై కోర్టు దానిని నిలుపుదల చేసి బెయిలు మంజూరు చేసింది. ఇక లాభం లెక్క మాత్రం అప్పీలు ట్రిబ్యునల్‌కూ సెబీకీ మధ్య పదేపదే తిరిగింది. 2018లో సెబీ 813 కోట్లుగా లెక్కించిన మొత్తాన్ని ట్రిబ్యునల్ 2023 ఫిబ్రవరిలో కొట్టివేసింది. అదే ఏడాది నవంబర్ చివర వచ్చిన కొత్త ఉత్తర్వులో అది సుమారు 624 కోట్లయింది. తప్పు జరిగిందని చెప్పడంకన్నా దాని విలువ తేల్చడం కష్టమని ఈ క్రమం నిరూపిస్తున్నది.

నష్టపోయినవారి సంగతి మరీ అసమానం. అమెరికాలోని మదుపరులు సామూహిక దావా వేసి 2011లో సంస్థ నుండి 12.5 కోట్ల డాలర్ల పరిష్కారం పొందారు. భారతీయ మదుపరులకు అప్పుడు అటువంటి దారి లేదు. సామూహిక దావాకు వీలిచ్చే 245వ సెక్షన్ 2013 కంపెనీల చట్టంతో వచ్చి, 2016లో అమలులోకి వచ్చింది.

భూమికి వర్తించని మాట

ఇన్‌సైడర్ ట్రేడింగ్ అనే మాట తర్వాత అమరావతి భూముల వివాదంలో వినిపించింది. రాజధాని ఎక్కడ వస్తుందో ముందే తెలిసి కొందరు భూములు కొన్నారన్నది ఆరోపణ. 2021 జనవరి 19న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేసును కొట్టివేస్తూ, ఇది వాటాల మార్కెట్‌కు చెందిన భావనే గాని భారత శిక్షాస్మృతిలోని మోసం సెక్షన్లోకి దానిని చొప్పించడం కుదరదని తేల్చింది. రాజధాని సమాచారం అప్పటికే బహిరంగమన్న కారణాన్నీ పేర్కొన్నది. జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును తిరస్కరించింది. 1998లో హిందుస్థాన్ లీవర్‌కు రక్షణనిచ్చిన వాదన మరో రంగంలో తిరిగి నిలబడింది. వాటాల విషయంలో ఆ వాదనను శాసనం 2002లోనే పరిమితం చేసింది. భూమి విషయంలో అటువంటి శాసనం లేదు.

ముగింపు

వాటాల మార్కెట్లో సమాచార సమానత్వం కొనుగోలుదారుని హక్కుగా చట్టంలో చోటు సంపాదించింది. అమ్మిన రైతుకు అదే హక్కు ఉండాలా అన్న ప్రశ్న శాసనకర్తల ముందు అలాగే ఉన్నది. ఈ రెండు తెలుగు ఉదంతాలను పక్కపక్కన ఉంచి చదవడం న్యాయశాస్త్ర, వాణిజ్యశాస్త్ర, చరిత్ర పరిశోధకులకు ఉమ్మడి కర్తవ్యం.